వార్షిక నివేదిక: తొలి వైద్యురాళ్ల చరిత్రతో మన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం పని దాదాపు అంతా ఒకే విషయం మీద సాగింది: డాక్టరు చదువులోకి మొదట అడుగుపెట్టిన ఆడవాళ్ల చరిత్ర. కిందటి సర్వసభ్య సమావేశంలో ఈ అంశం తీసుకున్నప్పుడు, నాలుగైదు పేర్లతో ఒక చార్టు వేసి రెండు సభలు జరిపితే చాలనుకున్నాం. తీరా చూస్తే ఆ పేర్ల దగ్గరే చిక్కుపడ్డాం.

మొదటి సభలోనే వాదన వచ్చింది. మన దేశంలో తొలి మహిళా డాక్టరు ఆనందీబాయి జోషి అని కొందరు, కాదంబినీ గంగూలీ అని కొందరు. ఇద్దరూ చదువు ముగించింది 1886లోనే. ఫిలడెల్ఫియాలో ఎం.డి. పట్టా పుచ్చుకున్న ఆనందీబాయి క్షయతో 1887 ఫిబ్రవరిలో, ఇరవై రెండేళ్లు నిండకుండానే కన్నుమూశారు. కలకత్తా మెడికల్ కాలేజీలో చదివిన కాదంబిని 1923లో చనిపోయేదాకా వైద్యం చేస్తూనే ఉన్నారు. అసలు వీళ్లకన్నా ముందే, 1875లో మద్రాసు మెడికల్ కాలేజీలో నలుగురు ఆడవాళ్లు చేరారు. అందులో మేరీ షార్లీబ్ పేరు చాలామంది విన్నదే. గోషా స్త్రీలు మగ డాక్టరు దగ్గరికి వెళ్లలేక కాన్పుల్లో ప్రాణాలు పోగొట్టుకుంటుంటే చూడలేక చదువుకు పూనుకున్న మనిషి ఆమె. 1885లో వాళ్ల కోసమే మద్రాసులో ఆసుపత్రి పెట్టించారు. ఆమె పక్కన కూర్చుని చదివిన వైట్, బీల్, మిచెల్ అనే ముగ్గురి పేర్లు మాత్రం మాలో ఒక్కరికీ తెలియవు. ఆ రోజే చార్టులోంచి ‘తొలి’ అన్న మాట తీసేశాం.

ఎక్కువమంది వచ్చింది స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో గురించి పెట్టిన సభకి. 1869లో అక్కడి విశ్వవిద్యాలయంలో సోఫియా జెక్స్‌బ్లేక్‌తో కలిపి ఏడుగురు ఆడవాళ్లు చేరారు. ఎడిత్ పీచీ రసాయనశాస్త్రంలో తోటి విద్యార్థులను దాటి మొదటి స్థానంలో నిలిస్తే, స్కాలర్‌షిప్ ఆమెకివ్వకుండా కింది స్థానంలోని మగపిల్లాడికిచ్చారు. 1870 నవంబరు 18న ఆ ఆడవాళ్లు అనాటమీ (శరీర నిర్మాణ శాస్త్రం) పరీక్ష రాయడానికి వెళ్తే గుంపు దారికి అడ్డంపడి బురద చల్లింది, మొహం మీదే గేటు మూసింది. ఎలాగో లోపలికి వెళ్లి కూర్చుంటే, పరీక్ష హాల్లోకి ఒక గొర్రెను తోలారు. అయినా వాళ్లు లేవలేదు, పరీక్ష రాశారు. ఈ భాగం చదువుతున్నప్పుడు సభలో ఎవరూ కదల్లేదు. విశ్వవిద్యాలయం చివరికి వాళ్లకు డిగ్రీలివ్వలేదు. 2019లో, అందరూ పోయాక, ఇచ్చింది. ఎడిత్ పీచీ మాత్రం వేరేచోట అర్హత సంపాదించుకుని 1883లో బొంబాయి వచ్చి, ఇక్కడి ఆడవాళ్లకు వైద్యం చేశారు. ఆ స్కాలర్‌షిప్ అందుకున్న అబ్బాయి పేరు వెతకాలని మాకు అనిపించలేదు.

తెలుగు నేల మీద జరిగిన పనికి ఒక సాయంత్రం కేటాయించాం, అది చాల్లేదు. హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివి, రోగులకు క్లోరోఫాం ఇచ్చి నిద్రపుచ్చడంలో చెయ్యి తిరిగిన రూపాబాయి ఫర్దూన్‌జీ గురించి, 1883లో గుంటూరు వచ్చిన అన్నా కుగ్లర్ గురించి చెప్పుకున్నాం. కుగ్లర్ డాక్టరే, కానీ అమెరికా క్రైస్తవ మిషన్ వాళ్లు ఆమెను మొదట వైద్యానికి కాదు, బోధన పనికి పంపారు. ఆమె మందులు వెంట తెచ్చుకున్నారు. 1898లో అక్కడ ఆసుపత్రి తెరుచుకుంది.

జమాఖర్చుల పట్టిక ఈ నివేదికకు జతచేశాం. ఆడిట్ పూర్తయింది.

ఒక పని మిగిలిపోయింది. మంత్రసానుల మీద సభ పెడతామని చెప్పి పెట్టలేకపోయాం, అందుకు కార్యవర్గం క్షమాపణ కోరుతోంది. ఈ డాక్టర్లు రాకముందు, వచ్చిన తర్వాత కూడా, కాన్పులు ఎక్కువగా చేసింది వాళ్లే. పుస్తకాల్లో వాళ్ల పేర్లు కనిపించలేదు. వచ్చే ఏడాది పని అక్కడినుంచే మొదలవుతుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. వాళ్లకు పురుడు పోసిన మంత్రసాని పేరు గుర్తుంటే, ఊరు, ఉజ్జాయింపుగా ఏ సంవత్సరమో కూడా రాసి కార్యదర్శికి అందజేయండి.