పాత నూనె ఫ్యాక్టరీ స్థలంలో మట్టి పరీక్ష మళ్లీ చేయించాలని ఫిర్యాదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: మీ వెంచర్ స్థలంలో మట్టి, భూగర్భజలాల పరీక్ష సరిగా జరగకపోవడం గురించి.

అయ్యా,

మా ఊరి కాలువ గట్టు పక్కన, పాత తవుడు నూనె ఫ్యాక్టరీ ఉన్న చోట మీరు వేసిన వెంచర్‌లో ప్లాటు బుక్ చేసుకుని అడ్వాన్సు కట్టాను. స్థలం శుభ్రంగా ఉందనడానికి ఆధారం ఏమిటని అడిగితే మీ ఆఫీసు వాళ్లు ల్యాబ్ రిపోర్టు కాపీ ఇచ్చారు. అది చదివాకే ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది.

మట్టి నమూనాలు అడుగున్నర లోతు నుంచి తీశామని అందులో ఉంది. రంగు ఎరుపు, రకం గ్రావెల్ అని కూడా వాళ్లే రాశారు. మన డెల్టాలో ఎర్ర గ్రావెల్ ఎక్కడిదండీ? ఇక్కడ తవ్వితే వచ్చేది నల్లటి ఒండ్రుమట్టి. ఆ ఎర్రమట్టి, స్థలం మెరక చేయడానికి మీరు మెట్ట నుంచి టిప్పర్లతో తోలించింది. ఫ్యాక్టరీ నేల దాని కింద ఎక్కడో ఉంది. ల్యాబ్ వాళ్లు పరీక్షించింది ఏ గుట్టనో మరి, ఆ గుట్ట మాత్రం భేషుగ్గా ఉందట. సంతోషం.

చూసినవి కూడా పీహెచ్, లవణీయత, నత్రజని, భాస్వరం, పొటాష్. వరి వేసేవాడికి పనికొస్తాయి. తవుడు నుంచి నూనె తీసేది హెక్సేన్‌తో. పెట్రోలు జాతి ద్రావకం అది, భూమిలో పాతిన ట్యాంకుల్లో నిల్వ పెడతారు. ఆ ట్యాంకులు వెనకవైపు, బాయిలర్ దగ్గర ఉండేవని అక్కడ పనిచేసినవాళ్లు చెబుతున్నారు. మీ నమూనాలన్నీ గేటు వైపువే. ట్యాంకులు బయటికి తీశారా, అలాగే పూడ్చేశారా? రిపోర్టులో ఒక్క ముక్క లేదు.

హెక్సేన్ నీళ్లకన్నా తేలిక, నీళ్లలో దాదాపు కరగదు. ట్యాంకో పైపో కారితే నేలలోకి దిగి భూగర్భజలం మీద తెట్టులా తేలుతుంది. మన దగ్గర ఆ నీరు ఎంతో లోతున ఉండదు. కాలువలు వదిలితే పైకొస్తుంది, వేసవిలో కట్టేస్తే దిగుతుంది. దాంతో పాటు తెట్టు కూడా ఎక్కుతూ దిగుతూ మధ్యలోని మట్టికి పట్టేస్తుంది. నిండు కాలువలోంచి నీరు నేలలోకి ఊరుతుంది, కాలువ ఎండితే నేలలోని నీరు తిరిగి కాలువలోకి రావచ్చు. మీవాళ్లు మే నెలలో ఒక్కసారి, అదీ లోతైన ఒక బోరు నుంచి నీళ్లు పట్టుకెళ్లారు. పై పొరలో తేలేది అందులోకి ఎలా వస్తుంది?

హెక్సేన్ ఆవిరి గాలికన్నా బరువు. గుంతల్లో పేరుకుంటే నిప్పురవ్వ చాలు. ముందు ప్రమాదం పునాదులు తవ్వే కూలీలకే. ఇళ్లు లేచాక పగుళ్లలోంచి లోపలికి రావచ్చు. ఎక్కువకాలం పీలిస్తే కాళ్లూ చేతుల నరాలు దెబ్బతింటాయి.

కాలుష్యం ఉందని నేను అనడం లేదు. లేదని మీరు దేన్ని చూసి చెప్పారు? మీ సేల్స్ మేనేజర్‌ని అడిగితే, "అంత టెన్షన్ ఎందుకండీ, ఇన్నేళ్లలో ఎవరికీ ఏమీ కాలేదుగా" అన్నారు. ఇన్నేళ్లూ అక్కడ ఎవరూ కాపురం చేయలేదు మరి.

ముందు పాత కాగితాలు తీయించండి: ఫ్యాక్టరీ ప్లాను, పెట్రోలియం నిల్వ లైసెన్సు, కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు. పాత కార్మికులతో మాట్లాడించండి. తర్వాత ట్యాంకులు, బాయిలర్, వర్క్‌షాప్ ఉన్న చోట్ల మెరక మట్టి దాటి అసలు నేలలోకి బోర్లు వేయించి, మట్టిలో, పై పొర నీటిలో, నేలలోని ఆవిరిలో హెక్సేన్, పెట్రోలియం అవశేషాలు ఉన్నాయేమో పరీక్ష చేయించండి. కాలువలు పారేటప్పుడు ఒకసారి, కట్టేశాక ఒకసారి. ల్యాబ్‌కు ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉండాలి. అంతవరకు తవ్వకాలు ఆపాలి, నా దగ్గర తదుపరి వాయిదా అడగకూడదు. ఇది కుదరదంటే అడ్వాన్సు పూర్తిగా వాపసు ఇవ్వండి.

రెండు వారాల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే, కలుషిత స్థలాల నిర్వహణపై కేంద్రం 2025 జులైలో తెచ్చిన నిబంధనల కింద జిల్లా కలెక్టర్ గారికి, కాలుష్య నియంత్రణ మండలికి ఇదే రిపోర్టు జతచేసి ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మీ వెంచర్‌లో ప్లాటు బుక్ చేసుకున్న కొనుగోలుదారు

జత: ల్యాబ్ రిపోర్టు కాపీ, అడ్వాన్సు రసీదు