స్కేట్‌పార్కు కట్టేటప్పుడు తాపీ స్కేటర్ల చేతికివ్వండి

సంపాదకుడు గారికి,

నమస్కారాలు. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ దగ్గరపడుతున్నకొద్దీ క్రీడా పేజీల్లో స్కేట్‌బోర్డింగ్ మాట, అంటే నాలుగు చిన్న చక్రాల పలక మీద నిలబడి ఆడే ఆట మాట, ఎక్కువగా వినిపిస్తోంది. టోక్యోలో తొలిసారి ఒలింపిక్ క్రీడగా చేరింది. 2022లో గుజరాత్‌లో జరిగిన జాతీయ క్రీడల్లోనూ చోటు దొరికింది. సంతోషం. ఈ వార్తలన్నీ చివరికి ఒకే మాట దగ్గర ఆగుతున్నాయి: మనకు స్కేట్‌పార్కులు (ఆ ఆట కోసం వాలులు, ఒంపు గోడలతో కట్టే స్థలాలు) చాలవు, ప్రభుత్వం కట్టాలి. కట్టాల్సిందే. కానీ ఎవరి చేత కట్టించాలి? ఉద్యోగ జీవితమంతా కాంక్రీటు పనుల్లోనే గడిపినవాణ్ని కాబట్టి ఆ ప్రశ్న అడగకుండా ఉండలేకపోతున్నాను.

ఈ ఆటకు మొదట్లో ఎవరూ మైదానం కట్టి ఇవ్వలేదు. 1950లలో కాలిఫోర్నియా పిల్లలు రోలర్ స్కేట్లు విప్పి, వాటి చక్రాలను చెక్కకు బిగించుకున్నారు. మెకానిక్ షెడ్డులో పాత బేరింగులు అడిగి తెచ్చుకుని పలకబండి చేసుకున్న మన తరానికి ఆ ఉబలాటం గురించి వేరే చెప్పనక్కర్లేదు. 1970ల తొలినాళ్లలో ఫ్రాంక్ నాస్‌వర్తీ అనే అతను యూరిథేన్ (రబ్బరులా పట్టుండే ఒక ప్లాస్టిక్) చక్రాలను అమ్మకానికి తెచ్చాక బోర్డుకు నేల మీద పట్టు దొరికింది. 1976-77 కరవులో అక్కడి ఇళ్ల ఈతకొలనులు ఖాళీ అయితే, కుర్రాళ్లు వాటి ఒంపు గోడలను ఎక్కడం సాధన చేశారు. తర్వాత డబ్బు తీసుకుని ఆడనిచ్చే పార్కులు చాలా వచ్చాయి, బీమా భారం మోయలేక చాలావరకు మూతపడ్డాయి కూడా. 1980లలో ఆటను బతికించింది పెరళ్లలో పిల్లలే ప్లైవుడ్‌తో కొట్టుకున్న ర్యాంపులు.

ఒరెగాన్ రాష్ట్రంలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు పోర్ట్‌లాండ్‌లోని బర్న్‌సైడ్ వంతెన తూర్పు చివర కిందికి వెళ్లి చూశాను. 1990లో కొందరు స్కేటర్లు అనుమతి లేకుండానే అక్కడ పని మొదలుపెట్టారు. అప్పటికి ఆ చోటు చెత్తకూ మాదకద్రవ్యాలకూ నిలయం. ముందు ఊడ్చారు. తర్వాత వంతెన గోడకు ఆనించి సిమెంటుతో చిన్న వాలు పోశారు. అది బాగుందనిపించి పక్కన ఇంకొకటి, ఆ పైన మరొకటి. ప్లాను లేదు, ఎస్టిమేటు లేదు. చేతికి డబ్బు అందినప్పుడు, కాంక్రీటు దొరికినప్పుడు పని సాగింది. ఆ చోటు బాగుపడటం చూసి చుట్టుపక్కల వ్యాపారులు మద్దతుగా నిలిచారు. నగర పాలకులు కూల్చకుండా ఆమోదం తెలిపారు. ఆ స్కేట్‌పార్కు ఇప్పటికీ ఉంది.

అక్కడ నన్ను నిలబెట్టేసింది ఆ గోడల పనితనం. స్కేట్‌బోర్డు చక్రం వ్యాసం 50 నుంచి 60 మిల్లీమీటర్లు మాత్రమే. రోడ్డు పనిలో మనం లెక్కచేయని ఎగుడుదిగుడు ఆ చక్రం కింద పడితే మనిషి బోర్లా పడతాడు. నేల నుంచి గోడ దాకా వంపు ఎక్కడా విరగకుండా ఒకే వ్యాసార్ధంతో సాగాలి. గోడ అంచున బిగించే గొట్టం పిసరంత బయటికి ఉండాలి. ఎక్కువైతే చక్రం దానికి తగిలి ఆగిపోతుంది, తక్కువైతే అంచు అందదు. గోడ మీద కాంక్రీటు జారకుండా గట్టిగా కలిపి, వంపుకు సరిపడా కోసిన చెక్కతో లాగి, అది బిగిసేలోగా తాపీతో నునుపు తేవాలి. ఎంత అనుభవం ఉన్న మేస్త్రీకైనా ఆ వంపు మీద చక్రం ఎలా పోతుందో తెలియకపోతే చెయ్యి ఎక్కడ ఆపాలో తెలియదు. రేపు దాని మీద తిరగబోయేవాడికి తెలుస్తుంది. బర్న్‌సైడ్‌లో చెయ్యి తిరిగినవాళ్లే తర్వాత ఈ పనిని వృత్తిగా చేసుకున్నారు. మార్క్ స్కాట్ డ్రీమ్‌ల్యాండ్ సంస్థనూ, మార్క్ హబ్బర్డ్ గ్రైండ్‌లైన్ సంస్థనూ నెలకొల్పారు. అనుమతి లేకుండా పోసిన కాంక్రీటులో పని నేర్చుకున్నవారిని తర్వాత ఊళ్లే పిలిచి పార్కులు కట్టించుకున్నాయి.

లండన్ సౌత్‌బ్యాంక్‌లో క్వీన్ ఎలిజబెత్ హాలు కింద 1973 నుంచి స్కేటర్లు ఆడుతున్నారు. అది వారి కోసం కట్టింది కాదు. భవనం కింద మిగిలిన చోటు. 2013లో అక్కడ దుకాణాలు పెట్టాలనుకున్న నిర్వాహకులు, దగ్గర్లోనే కొత్త చోటు కట్టిస్తామన్నారు. స్కేటర్లు వద్దన్నారు. నలభై ఏళ్లుగా తమ చక్రాల కింద అరిగిన నేలను వదులుకోలేమన్నారు. మరుసటి ఏడాది ఒప్పందం కుదిరి ఆ చోటు వారికే దక్కింది. నిర్వాహకుల ఉద్దేశం చెడ్డదని నేను అనను. కానీ ఆడేవారిని ముందే అడిగి ఉంటే అంత గొడవే ఉండేది కాదు.

మన దేశంలోనూ ఇలా జరిగింది. బెంగళూరులో హోలీస్టోక్డ్ బృందం స్కేటర్లు 2013లో తమ చేతులతోనే పార్కు కట్టారు. మధ్యప్రదేశ్ పన్నా జిల్లాలోని జన్వార్ పల్లెలో 2015లో స్కేట్‌పార్కు వెలిసింది. అక్కడి నియమాలు రెండు: బడికి వెళ్లనివారికి బోర్డు లేదు; ఆడపిల్లలకే ముందు అవకాశం. ఆ పల్లె అమ్మాయి ఆశా గోండ్ ప్రపంచ పోటీలదాకా వెళ్లింది.

పిల్లలు పడి దెబ్బలు తగిలితే బాధ్యత ఎవరిదని అధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కాలిఫోర్నియా 1997లో చట్టం చేసి స్కేట్‌బోర్డింగ్‌ను ప్రమాదం పొంచి ఉన్న వినోదాల జాబితాలో చేర్చింది. ఆ జాబితాలోని ఆటల్లో తగిలే దెబ్బలకు నగర పాలకులు సాధారణంగా బాధ్యులు కారు. దాంతో నగరాలకు వ్యాజ్యాల భయం తగ్గి, ఊరూరా పార్కులు కట్టడం తేలికైంది. మన రాష్ట్రాలూ దీన్ని పరిశీలించవచ్చు. అలాగని మన ఫ్లైఓవర్ల కింద ఎవరికి తోచినట్టు వారు కాంక్రీటు పోయాలని నేను అనను. స్తంభాల తనిఖీకి దారి ఉండాలి, వాటిని ఆనుకుని ఏదీ కట్టకూడదు. హైదరాబాద్ పీవీ ఎక్స్‌ప్రెస్‌వే లాంటి చోట స్తంభాల చుట్టూ రోడ్డే ఉంది. అక్కడ పిల్లలు ఆడటం మాట అటుంచి, నిలబడటమే ప్రమాదం. కానీ లేఔట్లలో పార్కుల కోసం పురపాలక సంఘాలకు అప్పగించాక ముళ్లకంపలు పెరిగిన స్థలాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి.

విశాఖ, హైదరాబాద్, విజయవాడ నగరపాలక సంస్థలకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. స్కేట్‌పార్కు పనిని సీసీ రోడ్డు పనిలా టెండరు పిలిచి వదిలేయకండి. డ్రాయింగు బల్ల దగ్గరే ఊళ్లోని స్కేటర్లను కూర్చోబెట్టండి. కాంక్రీటు పోసే రోజు మేస్త్రీ పక్కన వారి చేతికీ తాపీ ఇవ్వండి. మొత్తం ఒకేసారి కట్టేయకుండా ఒక మూల ఖాళీగా వదిలితే, ఇంజినీరు పర్యవేక్షణలో పిల్లలే ఏడాదికో వాలు కలుపుకుంటారు. గేటుకు తాళమూ, టికెట్టూ వద్దు. ఏ నగరమైనా ఇందుకు ముందుకొస్తే, ఆ పర్యవేక్షణ పని జీతం లేకుండా చేయడానికి నాలాంటి విశ్రాంత ఇంజినీర్లు దొరుకుతారు. నేను సిద్ధం.

భవదీయుడు,
ఒక విశ్రాంత సివిల్ ఇంజినీరు,
విశాఖపట్నం