టికెట్ ఇచ్చేది మనమే, అదీ మార్చిలోనే

సంపాదకులకు నమస్కారం.

మీ ప్రవాసుల పేజీలో పోయిన వారం ఒక ఫొటో వచ్చింది. డాలస్ దగ్గర జరిగిన సంక్రాంతి వేడుకలో ఎన్నికల్లో నిలబడ్డ కొందరికి శాలువాలు కప్పి, దండలు వేశారు. కింద నాలుగు లైన్ల వార్త. వాళ్ళు ఏ పదవికి పోటీ చేస్తున్నారో, ఆ పదవిలో కూర్చున్నవాళ్ళ పనేమిటో అందులో లేదు. 2026 మార్చి 3న టెక్సస్‌లో ప్రైమరీ ఎన్నికలు. ఇప్పుడు మాలాంటి ఓటర్లకు కావలసింది ఆ వివరమే. అందుకే ఈ ఉత్తరం.

ప్రైమరీ అంటే ఏమిటో మన ఊళ్ళలో పెరిగినవాళ్ళకు సులభంగానే అర్థమవుతుంది. అది టికెట్ ఇవ్వడం. మన దగ్గర టికెట్ సంగతి పార్టీ పెద్దలు తేలుస్తారు. బీ-ఫారం చేతికొచ్చేదాకా అభ్యర్థికే నమ్మకం ఉండదు. ఇక్కడ ఆ పని ఓటర్లది. గవర్నర్ దగ్గర్నుంచి కౌంటీ (మన జిల్లా లాంటిది) కమిషనర్ దాకా, నవంబరులో పార్టీ తరఫున ఎవరు నిలబడాలో మనమే ఓటేసి తేల్చాలి. అయినా మనవాళ్ళలో చాలామంది నవంబరులో తప్ప పోలింగ్ కేంద్రం వైపు వెళ్ళరు. మనవాళ్ళనే అనడం కూడా న్యాయం కాదు. 2022 మార్చిలో టెక్సస్‌లో నమోదైన ఓటర్లు కోటీ 70 లక్షలకు పైగా ఉంటే, రెండు పార్టీల ప్రైమరీల్లో కలిపి ఓటేసింది దాదాపు 30 లక్షల మంది.

దీనివల్ల ఏం పోయిందిలే అనుకునేవాళ్ళకు ఒక ఉదాహరణ చెబుతాను. ప్రైవేటు స్కూలు ఫీజులకు ప్రభుత్వ సొమ్ము ఇచ్చే వోచర్ల పథకాన్ని 2023 నవంబరులో ఇక్కడి ప్రతినిధుల సభలో 21 మంది రిపబ్లికన్లు డెమోక్రాట్లతో కలిసి అడ్డుకున్నారు. గవర్నర్ గ్రెగ్ అబాట్ ఊరుకోలేదు. 2024 ప్రైమరీలో వాళ్ళలో పలువురికి పోటీగా నిలబడ్డవాళ్ళ తరఫున ప్రచారం చేశారు. అలా అడ్డుకున్నవాళ్ళలో కొందరు ఓడిపోయారు. 2025లో వంద కోట్ల డాలర్లతో ఆ పథకం చట్టమైంది. అది మంచిదా కాదా అన్న దానిపై మా ఇంట్లోనే రెండు మాటలున్నాయి. కానీ మా పిల్లల బడులకు సంబంధించిన అంత పెద్ద విషయం తేలింది ప్రైమరీలోనే. 2024 మే నెల రనాఫ్‌లో (ప్రైమరీలో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి మధ్య జరిగే రెండో విడత) అప్పటి స్పీకర్ డేడ్ ఫెలన్ తన సీటు నిలబెట్టుకున్నది 400 కంటే తక్కువ ఓట్ల తేడాతో. మా ఊళ్ళో బతుకమ్మకు అంతకంటే ఎక్కువమందే వస్తారు.

నేను మొదటిసారి ప్రైమరీలో ఓటేసింది 2022లో. పేర్లన్నీ ఫోన్‌లో రాసుకుని వెళ్ళాను. లోపల ఫోన్ వాడకూడదని అక్కడికెళ్ళాక తెలిసింది. గవర్నర్ పేరు దాటాక అంతా తెలియని పేర్లే. టెక్సస్‌లో జడ్జీలను కూడా పార్టీ గుర్తు మీదే ఎన్నుకుంటారు. పేజీలకు పేజీలు జడ్జీలు. పలకడానికి తేలికగా ఉన్న పేర్లకు వేసి బయటికొచ్చాను. ఎవరి కేసో వినబోయే మనిషిని అలా ఎంచుకున్నందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. అప్పటినుంచి కాగితం మీద రాసుకుని వెళ్తున్నాను. కాగితానికి అభ్యంతరం లేదు.

ఎవరికి వేయాలో తేల్చుకోవడానికి నేను ముందు చూసేది అభ్యర్థిని కాదు, పదవిని. రైల్‌రోడ్ కమిషనర్ అని ఒక పదవి ఉంది. పేరు చూసి రైళ్ళ సంగతి అనుకుంటాం. నిజానికి ఆ కమిషన్ చూసేది చమురు, గ్యాస్ బావులు, పైపులైన్లు. జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే చిన్న కోర్టులో అద్దె ఇళ్ళు ఖాళీ చేయించే కేసులు, 20,000 డాలర్ల వరకు డబ్బు తగాదాలు నడుస్తాయి. ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళూ అద్దెకున్నవాళ్ళూ మనలో ఎంతోమంది. అయినా ఆ పదవికి ఎవరు నిలబడ్డారో ఒక్కరూ మాట్లాడుకోగా వినలేదు. అందరం ప్రాపర్టీ ట్యాక్స్ గురించి గోల పెడతాం. అందులో కౌంటీ పన్ను రేటు వేసే కమిషనర్ల ఎన్నిక కూడా ఇదే బ్యాలెట్ మీద ఉంటుంది. సిటీ కౌన్సిల్, స్కూల్ బోర్డు ఎన్నికలు మాత్రం మన సర్పంచి ఎన్నికల్లాగే పార్టీ గుర్తులు లేకుండా, చాలా చోట్ల మే నెలలో జరుగుతాయి.

పదవి తెలిశాక పాత రికార్డు. ఇప్పటికే పదవిలో ఉన్నవాళ్ళయితే ఏ బిల్లుకు ఎటు ఓటేశారో సభ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. విరాళాల లెక్కలు టెక్సస్ ఎథిక్స్ కమిషన్ దగ్గర చూడొచ్చు. శాసనసభ అభ్యర్థికి ఒక వ్యక్తి ఎంత ఇవ్వొచ్చో ఇక్కడ పరిమితి లేదు కాబట్టి ఆ లెక్క చూడటం నాకు ముఖ్యం. కొత్తవాళ్ళయితే ఒక ఈమెయిల్ పంపి ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను. జవాబు రాసినవాళ్ళ మీద, ఆ జవాబు నాకు నచ్చకపోయినా, గౌరవం పెరుగుతుంది.

ఇక 'మనవాడు' అనే మాట. ఇంటి పేరు చూడగానే మనసు అటు లాగుతుంది, నాకూ లాగుతుంది. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయినప్పుడు అందరితో పాటు నేనూ సంబరపడ్డాను. కానీ ఆమె ఏళ్ళ తరబడి కౌంటీలో ఇంజినీరుగా పనిచేసి, ఎనిమిదేళ్ళు శాసనసభలో కూర్చున్నారు. ఆ పని లేకుండా పేరు ఒక్కటే ఉంటే అంత దూరం వెళ్ళేవారని నేననుకోను. మన పేరున్న అభ్యర్థిని కూడా మిగతావాళ్ళను అడిగినట్టే అడగాలి.

ఏ పార్టీ బ్యాలెట్ తీసుకోవాలన్నది చాలామందికి టెన్షన్. టెక్సస్‌లో పార్టీ నమోదు లేదు, ఆ రోజు ఏదో ఒకటి అడిగి తీసుకోవచ్చు. ఎవరికి వేశామో రహస్యం, ఏ ప్రైమరీలో వేశామన్నది మాత్రం రికార్డులో ఉంటుంది. ఒక ప్రైమరీలో వేసినవాళ్ళు ఆ ఏడాది రెండో పార్టీ రనాఫ్‌లో వేయడానికి లేదు. రాష్ట్రమంతా ఓటేసే పదవిని ఇక్కడ డెమోక్రాట్లు 1994 తర్వాత గెలవలేదు. అలా ఒక పార్టీకి కంచుకోటలైన నియోజకవర్గాలు రెండు వైపులా ఉన్నాయి. అలాంటి చోట అసలు పోటీ ఎక్కడుందో ఆ బ్యాలెట్ తీసుకోవడంలో తప్పు లేదని నా అభిప్రాయం. ఎదుటి పార్టీలో బలహీనుణ్ణి గెలిపిద్దామని వెళ్ళడం మాత్రం నాకు నచ్చదు. ఆ బలహీనుడే రేపు గెలిస్తే భరించేది మనమే.

మా వీధిలో తెలుగు ఇళ్ళలో చాలామంది వీసాల మీదో, గ్రీన్‌కార్డు మీదో ఉన్నారు. వాళ్ళకు ఓటు లేదు. పన్నులు కడతారు, పిల్లలు అవే బడులకు వెళ్తారు. పౌరసత్వం ఉన్న మేమూ, ఇక్కడే పుట్టి పద్దెనిమిది నిండిన మా పిల్లలూ ఇంట్లో కూర్చుంటే వాళ్ళ తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరూ ఉండరు.

మీరు చేయగలిగింది ఒకటుంది. మీ పేజీలో ఒక్కో పదవి పనేమిటో తెలుగులో వేయండి. ప్రతి అభ్యర్థికీ అవే మూడు నాలుగు ప్రశ్నలు పంపి, వచ్చిన జవాబులు కోత లేకుండా అచ్చేయండి. రానివాళ్ళ పేరు కింద ఖాళీ వదలండి. ఓటరు నమోదుకు గడువు ఫిబ్రవరి 2. ఫారం పోస్టులోనో చేతికో ఇవ్వాలి కాబట్టి ఆ తేదీ ముందుగానే గుర్తు చేయండి. ఎర్లీ ఓటింగ్, అంటే పోలింగ్ రోజుకు ముందే ఓటేయడం, ఫిబ్రవరి 17న మొదలవుతుంది. ఆ ముందటి ఆదివారానికి ఆ పేజీ వస్తే, కత్తిరించి జేబులో పెట్టుకుని వెళ్తాం.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఫ్రిస్కో, టెక్సస్