పాదుషా నుంచి చెక్కు దాకా

చిరంజీవి హారికకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. అమ్మ బీపీ అదుపులోనే ఉంది, టెన్షన్ పడకు.

ఇంటద్దెకి చెక్కు రాయబోతే అక్కడ అమెరికాలో స్పెల్లింగు వేరేగా (check) ఉందనీ, మన బ్యాంకు చెక్కు బుక్కు మీద క్యూ, యూ, ఈ ఉంటాయనీ, రెండింట్లో ఏది కరెక్టో చెప్పమనీ అడిగావు. రెండూ కరెక్టే తల్లీ. ఇంకా చెప్పాలంటే అమెరికా వాళ్లదే పాతది. ఉద్యోగమంతా చెక్కుల మధ్యే గడిచింది కాబట్టి ఈ మాటంటే నాకు మమకారం. ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చడం ఇష్టం లేక తీరిగ్గా రాస్తున్నాను.

ముందు మన దగ్గర ఈ మాట ఎన్ని పనులు చేస్తోందో చూడు. అమ్మ బీపీ చెక్ చేయించుకుంటుంది. వాగు మీద చెక్ డ్యామ్ కడతారు. హైవే మీద చెక్ పోస్టు ఉంటుంది. ఎన్నికలొస్తే ఎవరు ఎవరికి చెక్ పెట్టారో రోజూ పేపర్లో చదువుతాం. నా బీరువా నిండా చెక్స్ చొక్కాలే. పరీక్షించడం, ఆపడం, గళ్ళు, డబ్బు... ఒకదానికొకటి పొంతన లేనట్టు కనిపిస్తాయి గానీ అన్నీ ఒక తల్లి బిడ్డలే. వాటి పుట్టిల్లు చదరంగం. (చెక్కు చెదరలేదు అంటామే, అందులోని చెక్కు మాత్రం అచ్చ తెలుగుది. దానికీ దీనికీ చుట్టరికం లేదు.)

మన చతురంగం సుమారు 6వ శతాబ్దంలో పర్షియాకు వెళ్లింది. అక్కడ ఎదుటివాడి రాజు మీదికి ఎత్తు వేసినప్పుడు 'షా!' అని హెచ్చరించేవారు. షా అంటే రాజు. 'నీ రాజు ప్రమాదంలో ఉన్నాడు, చూసుకో' అని. ఆట అరబ్బుల చేతుల మీదుగా యూరప్ చేరాక ఆ షా లాటిన్‌లో స్కాకస్ అయింది, పాత ఫ్రెంచిలో ఎస్చెక్ అయింది, ఇంగ్లీషులో చెక్ అయింది. ఆ ఫ్రెంచి మాటకు బహువచనమే చెస్. అంటే ఆటకూ ఆ హెచ్చరికకూ పేరు ఒకటే. మనం ఆటకట్టు అనే చెక్‌మేట్ కూడా 'షా మాత్', రాజు పని అయిపోయిందని. ఇప్పటి టోర్నమెంట్లలో చెక్ అని పైకి అనాల్సిన పని లేదు. కోనేరు హంపి ఎత్తు వేసి గడియారం నొక్కుతుందంతే. మాట మాత్రం నిలిచిపోయింది.

ఆ షా మనకేం కొత్త కాదు. పాదుషాలో ఉన్నది ఆ షాయే. మన కవులు మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్ షా పేరులో ఉన్నదీ అదే. ఇంకా లోతుకు పోతే షా మన 'క్షత్ర' శబ్దానికి దూరపు చుట్టమని భాషావేత్తలు చెబుతారు. గోల్కొండ పాదుషా, క్షత్రియుడు, నీ ఇంటద్దె చెక్కు ఒకే వంశవృక్షంలో ఉండటం నాకైతే ఇప్పటికీ ఒళ్లు జలదరించే సంగతి. శభాష్‌లో కూడా షా ఉందని చాలామంది అనుకుంటారు. అది 'షాద్ బాష్', సంతోషంగా ఉండు అని దీవెన.

రాజుకు చెక్ పడితే ఆట అక్కడ ఆగుతుంది, ముందు ఆ సంగతి చూసుకోవాలి. అలా ఆపడం అనే అర్థం వచ్చింది. చెక్ డ్యామ్ చేసే పని అదే, నీళ్లకు అడ్డం పడటం. ఆపిన తర్వాత చేసేది పరిశీలన కదా, అది ఇంకో అర్థమైంది.

గళ్ళ కథ ఇంకా బాగుంటుంది. చదరంగం పలకను ఫ్రెంచిలో ఎస్చెకియే అనేవారు. ఆ పలక మీది గళ్ళ వల్లే నా చొక్కాలు చెక్స్ అయ్యాయి. 12వ శతాబ్దపు ఇంగ్లాండులో రాజుగారి పన్నుల లెక్కలు చూసే బల్ల పది అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు. దాని మీద గళ్ళు గీసిన నల్ల గుడ్డ పరిచేవారు. వాళ్లవి రోమన్ అంకెలు, వాటితో కూడికలు, తీసివేతలు మహా కష్టం. అందుకని పెన్నీలకు ఒక వరస, షిల్లింగులకు ఒకటి, పౌండ్లకు ఒకటి, ఇరవైలకు, వందలకు, వేలకు తలా ఒకటి పెట్టి, బిళ్ళలు జరుపుతూ లెక్క కట్టేవారు. అక్షరం రాని అధికారి కూడా తన లెక్క ఎక్కడుందో కళ్లతో చూసుకోగలడు. అక్కడ కోశాధికారిగా చేసిన రిచర్డ్ ఫిట్జ్‌నీల్ 1170లలో దీన్ని గురుశిష్య సంవాదంగా రాశాడు. కోశాధికారికీ, పన్ను కట్టడానికొచ్చిన షెరిఫ్‌కూ (జిల్లా అధికారి) ఆ గుడ్డ మీద జరిగేది చదరంగపు పోరేనన్నాడు. ఆ బల్ల పేరు ఆఫీసుకు స్థిరపడి ఎక్స్‌చెకర్ అయింది. బ్రిటన్ ఆర్థిక మంత్రిని ఇవాళ్టికీ ఛాన్సెలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్ అనే అంటారు.

డబ్బు కట్టినందుకు రసీదుగా కర్ర ముక్క ఇచ్చేవారు. వెయ్యి పౌండ్లకు అరచేతి మందం గాటు, వందకు బొటనవేలంత, ఇరవైకి చిటికెనవేలంత, ఒక్క పౌండుకు బార్లీ గింజంత. గాట్లు పెట్టాక కర్రను నిలువునా చీల్చి, పెద్ద ముక్క కట్టినవాడికిచ్చి, చిన్నది ఖజానాలో ఉంచుకునేవారు. రెండూ పక్కపక్కన పెడితే గాట్లు కలవాలి, అంతే. ఖజానాలో మిగిలిన ముక్క పేరే కౌంటర్ ఫాయిల్. నేను రోజూ సీలు వేసిన కౌంటర్ ఫాయిల్‌కు కర్ర పూర్వీకుడున్నాడన్నమాట. ఆ పద్ధతి 1826 దాకా నడిచింది. మిగిలిపోయిన కర్రలను 1834 అక్టోబర్ 16న పార్లమెంటు భవనం పొయ్యిల్లో వేసి తగలబెడితే మంటలు అదుపు తప్పి పార్లమెంటే కాలిపోయింది.

ఇక నీ ప్రశ్నకు వస్తాను. 1700ల మొదట్లో చెక్ అంటే డబ్బు కాగితం కాదు, దాని కౌంటర్ ఫాయిలే. దొంగ కాగితాలకు చెక్ పెట్టేది కాబట్టి ఆ పేరు. తర్వాత అసలు కాగితానికే ఆ పేరు అంటుకుంది. బ్రిటన్ వాళ్లు ఎక్స్‌చెకర్‌ను చూసి స్పెల్లింగు మార్చుకున్నారు, మనకు అదే వచ్చింది. అమెరికా వాళ్లు మార్చలేదు. హోటల్లో బిల్లును కూడా వాళ్లు చెక్ అంటారు, కంగారు పడకు.

అక్కడున్నన్నాళ్లూ వాళ్ల స్పెల్లింగే రాయి. తేదీలో నెల ముందు వేయాలి. మొత్తం అక్షరాల్లో రాశాక మిగిలిన ఖాళీలో గీత గీయి. చెక్కు బుక్కుతో చిన్న రిజిస్టర్ ఇచ్చి ఉంటారు, ఇచ్చిన ప్రతి చెక్కూ అందులో ఎక్కించు. బాబాయి నీ పేర ఇచ్చిన చెక్కు నా దగ్గరే ఉంది. 2012 ఏప్రిల్ నుంచి మన చెక్కులకు మూడు నెలలే గడువు, అందుకని సోమవారం నీ ఖాతాలో వేసేస్తాను. మెసేజ్ వస్తే చూసుకుని చెప్పు.

ఉంటాను,
మీ నాన్న