లెన్స్ డిజైన్ నేర్చుకోదలచిన పిల్లలు ముందు ఏ పుస్తకం చదవాలి?

సంపాదకులకు నమస్కారాలు.

గత ఆదివారం మీ పత్రిక విద్యా పుటలో, డిగ్రీలో ఫిజిక్స్ చదివినవారికి ఉన్న దారుల గురించి వచ్చిన వ్యాసంలో లెన్స్ డిజైన్ ప్రస్తావన చూసి ఎంతో సంతోషించాను. అయితే ‘సంబంధిత పుస్తకాలు చదివి పట్టు సాధించాలి’ అన్న ఒక్క వాక్యంతో వ్యాసకర్త ఆ విషయాన్ని ముగించారు. ఏ పుస్తకాలో, అంతకన్నా ముఖ్యంగా ఏది ముందు ఏది వెనుక చదవాలో చెప్పలేదు. ఆ వరుస తెలియక నేను పోగొట్టుకున్న ఏళ్లు గుర్తుకొచ్చి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను గజపతి జిల్లా పర్లాకిమిడిలో 27 ఏళ్లుగా కళ్లజోళ్ల దుకాణం నడుపుతున్నాను. బి.ఎస్సీ. ఫిజిక్స్ చదివాను. లెన్సులు అరగదీయడం, ఫ్రేముకు తగ్గట్టు అంచు చెక్కడం, పవర్ సరిచూడడం నా నిత్యకృత్యం. అయినా లెన్సును వాడడం వేరు, దాన్ని లెక్క కట్టి పుట్టించడం వేరని నాకు ఆలస్యంగా తెలిసింది. దుకాణం పెట్టిన మూడో ఏడాది, దాచుకున్న డబ్బంతా పోసి వారెన్ స్మిత్ రాసిన ‘మోడరన్ లెన్స్ డిజైన్’ తెప్పించుకున్నాను. అందులో ఎన్నో రకాల లెన్సుల వంపులు, మందాలు, గాజు పేర్లు పట్టికలుగా ఉంటాయి, వాటి పక్కనే ఏ దోషం ఎంత మిగిలిందో చూపే గీతలు ఉంటాయి. ఆ పట్టికలను నోటుబుక్కులోకి దించుకున్నాను. మూడో ముఖం (అంటే మూడో గాజు ఉపరితలం) వంపు అంతే ఎందుకు ఉండాలి, అక్కడ ఆ గాజే ఎందుకు వేశారు అన్న ప్రశ్నలకు మాత్రం రెండేళ్లయినా జవాబు చెప్పుకోలేకపోయాను. పుస్తకంలో లోపం లేదు. అది పని తెలిసినవాడు పక్కన పెట్టుకుని తిరగేయవలసిన గ్రంథం. నేను దాన్ని మొదటి వాచకంలా చేతిలోకి తీసుకున్నాను.

ఈ మధ్య మా దుకాణానికి వచ్చే ఒక డిగ్రీ కుర్రవాడు అదే పొరపాటును ఇంకో రూపంలో చేస్తున్నాడు. మా సరిహద్దు ఊళ్లలో చాలామంది పిల్లల్లాగే అతనికీ ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. పుస్తకం జోలికి పోకుండా నేరుగా లెన్స్ డిజైన్ సాఫ్ట్‌వేర్ దించుకుని, నాలుగు ముఖాలు పెట్టి, ‘ఆప్టిమైజ్’ నొక్కాడు. తెరమీద కిరణాలు కలిసే చుక్క చిన్నదైంది. ఎందుకు చిన్నదైందని అడిగితే కంప్యూటర్ చేసిందన్నాడు. అతనికి చెప్పిన వరుసనే ఇక్కడ రాస్తున్నాను.

మొదట కాంతిశాస్త్రపు పునాది. దీనికి అజయ్ ఘాటక్ గారి ‘ఆప్టిక్స్’ చాలు. మన దేశంలో అచ్చయ్యే పుస్తకం కాబట్టి ధర అందుబాటులో ఉంటుంది. అందులో వక్రీభవనం, గోళాకార ముఖాలు, మాత్రికల పద్ధతి, విపథనాల (లెన్సు బొమ్మను పాడుచేసే దోషాల) గురించిన అధ్యాయాలు చదివితే ఈ పనికి సరిపోతుంది. వ్యతికరణం, వివర్తనం తరవాత చూసుకోవచ్చు. యూజీన్ హెక్ట్ పుస్తకం కూడా గొప్పదే, బొమ్మలు మరీ బాగుంటాయి గాని, రెండూ కొననక్కరలేదు. ఇంగ్లీషు పదాల దగ్గర తడబడేవారు తెలుగు అకాడమీ డిగ్రీ భౌతికశాస్త్ర పుస్తకాన్ని పక్కన పెట్టుకుంటే నాభ్యంతరం, వక్రీభవన గుణకం, గోళీయ విపథనం, వర్ణ విపథనం వంటి మాటలతో విషయం త్వరగా మనసుకెక్కుతుంది.

రెండోది ఆ వారెన్ స్మిత్‌దే, కాని వేరే పుస్తకం: 1966లో మొదటిసారి వచ్చిన ‘మోడరన్ ఆప్టికల్ ఇంజినీరింగ్’. లెన్సును ఒంటరి గాజుముక్కగా కాక ఒక పనిముట్టులో భాగంగా చూడడం ఇది నేర్పుతుంది. కాంతికి అడ్డుకట్ట ఎక్కడ వేయాలి, ప్రిజం ఎందుకు వాడతారు, తయారీలో ఎంత తేడాను ఓర్చుకోవచ్చు వంటివన్నీ ఇందులో ఉన్నాయి. మనిషి కన్ను మీద ఒక అధ్యాయమే ఉంది. మా వృత్తిలో ఉన్నవారు ఆ అధ్యాయం కోసమైనా దీన్ని చదవాలని నా అభిప్రాయం.

ఇక అసలు గురువు రుడాల్ఫ్ కింగ్‌స్లేక్. లండన్‌లో అలెగ్జాండర్ కాన్రడీ దగ్గర చదువుకుని, 1929లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి వెళ్లి పాఠాలు చెప్పారు. 1937 నుంచి కోడక్ కంపెనీలో ఉండి, అక్కడి లెన్స్ డిజైన్ విభాగాన్ని నడిపించారు. ఆయన 1978లో వెలువరించిన ‘లెన్స్ డిజైన్ ఫండమెంటల్స్’ పుస్తకాన్ని బ్యారీ జాన్సన్ పెంచి 2010లో రెండో ముద్రణగా తెచ్చారు. కొనగలిగితే రెండోదే కొనాలి. సూత్రం చెప్పి వదిలేయకుండా, ఒక లెన్సును తీసుకుని, ఒక కిరణాన్ని ఒక్కొక్క ముఖం గుండా నడిపించి, ఎక్కడ తప్పు వచ్చిందో చూపి, ఏ వంపు మారిస్తే అది తగ్గుతుందో మన చేత చేయించడం ఆ పుస్తకం పద్ధతి. దాన్ని కాలిక్యులేటర్, కాగితం లేకుండా చదవకూడదు.

ఆ కుర్రవాడి చేత మా దుకాణం బల్లమీద నేను చేయించిన మొదటి లెక్క ఇది. వంపు వ్యాసార్ధం 50 మిల్లీమీటర్లు ఉన్న ఒక కుంభాకార ముఖం, దాని వెనుక 1.5168 వక్రీభవన గుణకం ఉన్న బి.కె.7 గాజు. అక్షానికి సమాంతరంగా వచ్చే కిరణాలు లోపల ఎక్కడ కలుస్తాయి? పాఠ్యపుస్తకపు సులువు సూత్రం ప్రకారం ముఖం నుంచి 146.75 మిల్లీమీటర్ల దగ్గర. అక్షానికి 10 మిల్లీమీటర్ల ఎత్తున వచ్చే కిరణానికి స్నెల్ నియమం పెట్టి నిజమైన కోణాలతో లెక్క కడితే 145.46 దగ్గర అక్షాన్ని తాకుతుంది. 20 మిల్లీమీటర్ల ఎత్తు కిరణం 141.48 దగ్గరే తాకుతుంది. అంటే మొదటిది 1.29 ముందుకు జరిగింది, రెండోది 5.27. ఎత్తు రెండింతలైతే తప్పు సుమారు నాలుగింతలైంది. గోళీయ విపథనం అన్న మాటకు అర్థం అతనికి ఆ సాయంత్రం తన చేతి లెక్కలోనే దొరికింది. తానే రెండోసారి లెక్క చేసి సరిచూసుకున్నాడు. ఈ పని ఒక్కసారి చేతితో చేసినవాడు సాఫ్ట్‌వేర్ చూపే అంకెను ఊరికే నమ్మి కూర్చోడు.

వర్ణ విపథనం సంగతి మా వృత్తిలో ఉన్నవారికి రోజూ కనబడేదే. మైనస్ 6 పవర్ ఉన్న ఒక ఉపాధ్యాయురాలు పాలీకార్బొనేట్ లెన్సులు వేసుకున్న వారానికి వచ్చి, పక్కచూపు చూస్తే దీపం అంచున నీలం, నారింజ రంగులు కనిపిస్తున్నాయని బాధపడ్డారు. పవర్‌లో తప్పు లేదు. లెన్సు మధ్య నుంచి 15 మిల్లీమీటర్లు పక్కకు చూస్తే ఆ పవర్‌కు కాంతి 9 ప్రిజం డయాప్టర్ల మేర (కిరణం ఎంత పక్కకు తిరిగిందో చెప్పే కొలత అది) పక్కకు తిరుగుతుంది. దాన్ని ఆ పదార్థపు ఆబీ సంఖ్యతో (అది ఎంత పెద్దదైతే రంగులు అంత తక్కువగా విడిపోతాయి) భాగిస్తే రంగులు ఎంత విడిపోతాయో వస్తుంది. పాలీకార్బొనేట్‌కు ఆ సంఖ్య సుమారు 30 కాబట్టి 0.30, మామూలు సి.ఆర్.39 ప్లాస్టిక్‌కు సుమారు 58 కాబట్టి 0.16 కన్నా తక్కువ. సి.ఆర్.39 వేసి ఇచ్చాక ఆమెకు ఇబ్బంది తగ్గింది. కింగ్‌స్లేక్ పుస్తకంలో రంగుల దోషం గురించిన అధ్యాయం చదివి ఉండకపోతే నేను ఆమె కళ్లనే మళ్లీ మళ్లీ పరీక్షిస్తూ ఉండేవాణ్ని.

అదే అధ్యాయం నుంచి రెండు గాజుల జోడు దగ్గరకు వెళ్లాలి. 100 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల జోడు కావాలనుకుందాం. బి.కె.7 ఆబీ సంఖ్య 64.17, ఎఫ్.2 అనే ఫ్లింట్ గాజుది 36.37. పలుచని లెన్సుల లెక్కన మొదటిది 43.3 మిల్లీమీటర్ల కుంభాకార లెన్సు, రెండోది 76.4 మిల్లీమీటర్ల పుటాకార లెన్సు కావాలి. బలమైన ఒక లెన్సు చేసిన పాడును బలహీనమైన ఇంకో లెన్సు, వేరే గాజు కావడం వల్ల, సరిదిద్దుతుంది. జాన్ డాలండ్ 1758లో పేటెంటు తీసుకున్నది ఇలాంటి జోడుకే. గాజు తయారుచేసే కంపెనీలు ఉచితంగా ఇచ్చే కేటలాగును కూడా నేను పాఠ్యపుస్తకంగానే లెక్కిస్తాను. అందులోని అంకెలు ముందు లేకపోతే ఈ లెక్క మొదలే కాదు.

వీటి తరవాత మైకేల్ కిడ్జర్ ‘ఫండమెంటల్ ఆప్టికల్ డిజైన్’ చదవాలి. విపథనాలను ఒకదాని నుంచి ఒకటి విడదీసి చూపడంలో అంత సూటిగా రాసినవారు అరుదు. అప్పుడు సాఫ్ట్‌వేర్ తెరవవచ్చు. జెమాక్స్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడేవారికి జోసెఫ్ గియరీ పుస్తకం ఉదాహరణలతో చేయిపట్టి నడిపిస్తుంది. డబ్బు పెట్టలేనివారికి ఆస్లో అనే సాఫ్ట్‌వేర్ విద్యార్థి ప్రతి ఉచితం. అందులో 10 ముఖాలకు మించి పెట్టనివ్వరు గాని, నేర్చుకునేవాడికి అది అడ్డంకి కాదు. డెన్నిస్ టేలర్ 1893లో రూపొందించిన కుక్ ట్రిప్లెట్ అనే కెమెరా లెన్సులో ఉన్నవి మూడే లెన్సులు, ఆరే ముఖాలు. ఆరు వంపులు, రెండు ఖాళీలు, మొత్తం ఎనిమిది మార్పులు చేతిలో పెట్టుకుని, జైడెల్ అనే శాస్త్రవేత్త చెప్పిన ఐదు దోషాలను, రెండు రంగుల దోషాలను అదుపులోకి తెచ్చి, కావలసిన నాభ్యంతరాన్ని నిలబెట్టవచ్చు. ఒక విద్యార్థి ఆ ఒక్క లెన్సు మీద ఏడాది గడిపినా వృథా కాదని నేను గట్టిగా నమ్ముతాను.

కాన్రడీ రాసిన ‘అప్లైడ్ ఆప్టిక్స్ అండ్ ఆప్టికల్ డిజైన్’ గురించి చాలామంది అడుగుతారు. మొదటి భాగం 1929లో వచ్చింది. రెండో భాగం ఆయన పోయాక 1960లో వెలువడింది. దాన్ని పూర్తిచేసినవారిలో కింగ్‌స్లేక్ ఉన్నారు, ఆయన కాన్రడీ అల్లుడు కూడా. లాగరిథమ్ పట్టికలతో లెక్క కట్టిన కాలపు పుస్తకమది, ఇప్పటివారికి చదవడం కష్టం. అయినా వేరెక్కడా దొరకని జాగ్రత్తలు అందులో ఉన్నాయి. కింగ్‌స్లేక్ పూర్తయ్యాక తెరవాలి, ముందు కాదు. వెల్ఫర్డ్, షానన్ గార్ల పుస్తకాలు ఉద్యోగంలో చేరాక చదివినా ఆలస్యం కాదు. పుస్తకాలు కొనే స్తోమత బొత్తిగా లేనివారికి, అమెరికా రక్షణశాఖ 1962లో ఆప్టికల్ డిజైన్ మీద తెచ్చిన ‘మిల్ హ్యాండ్‌బుక్ 141’ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పాతదే గాని, చేతి లెక్కలు నేర్చుకోవడానికి నిక్షేపంలా ఉంటుంది.

ఇన్ని పేర్లు రాశాను గాని, ఈ అచ్చు పుస్తకాల్లో ఏదీ మా చుట్టుపక్కల లైబ్రరీల్లో చేతికి అందేది కాదన్నదే నా బాధ. ఒక కాలేజీ లైబ్రరీలో కాంతిశాస్త్రపు అరలో జెంకిన్స్–వైట్ పాత ప్రతి ఒకటి ఉండేది. అట్టలు ఊడాయని చిత్తు కాగితాల్లో వేసేశారని తెలిసి వెళ్లేసరికి బండి వెళ్లిపోయింది. దాని చోటులో కొత్తది కొనలేదు. మహేంద్రతనయ నదికి అటువైపు పాతపట్నం పిల్లలదీ, ఇటువైపు మా పిల్లలదీ ఈ విషయంలో ఒకటే పరిస్థితి. తెలుగువారికి ఈ విద్య కొత్తదేమీ కాదు. బందరులో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ ప్రయోగశాలల పరికరాలు చేసింది, 1983లో దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది, ఇప్పటికీ అక్కడ ఆప్టికల్ పరికరాలు తయారవుతున్నాయి. అలాంటి చోట చేరగల పిల్లలు మా వీధుల్లో ఉన్నారు.

మా ఊరు గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు. పిల్లవాడికి తెలిసిన భాషలో చెబితేనే చదువు ఒంటబడుతుందని ఆయన జీవితమంతా వాదించారు. అందుకే మీకొక విన్నపం. కింగ్‌స్లేక్‌ను మొత్తం తెలుగు చేయమని నేను అడగడం లేదు. పైన రాసిన లెక్కలాంటివి, వారానికొకటి చొప్పున, పన్నెండు వారాలు మీ విద్యా పుటలో వేయండి. ఇంట్లో ఉన్న ప్లస్ 10 పవర్ భూతద్దాన్ని ట్యూబులైటు కింద పట్టి బల్లమీద దాని బొమ్మ పడేలా చేస్తే, మధ్య స్పష్టంగా ఉన్నప్పుడు కొసలు మసకగా ఉంటాయి. భూతద్దాన్ని కాస్త బల్లవైపు దించితే కొసలు తేరుకుని మధ్య మసకబారుతుంది. బొమ్మ పడే తలం చదునుగా లేదని దానివల్ల తెలుస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు. రాసేవారు దొరకకపోతే మొదటి నాలుగు పాఠాలు నేనే రాసి పంపుతాను. అంకెలను ఒకరికిద్దరు ఫిజిక్స్ అధ్యాపకుల చేత సరిచూపించి వేయండి.

అప్పటిదాకా స్మిత్, కింగ్‌స్లేక్, కిడ్జర్ పుస్తకాలు మా దుకాణంలో ఉంటాయి. ఇంటికి పట్టుకుపోవడానికి ఇవ్వలేను, ఒక్కొక్క ప్రతే ఉంది. సాయంత్రం ఐదు గంటల తరవాత ఎవరైనా వచ్చి కూర్చుని చదువుకోవచ్చు, లెక్కలు చేసుకోవచ్చు. కాగితం, కాలిక్యులేటర్ నేను ఇస్తాను.

ఇట్లు,
కళ్లజోళ్ల దుకాణదారుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.