ఫైళ్లు ఎక్కించే ముందు ఒక మాట

హనుమకొండ

అరేయ్ మామా,

ఎట్లా ఉన్నావు? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నీకు కొత్త ఉద్యోగం కుదిరిందని ఇంట్లో అందరం సంతోషపడ్డాం. మా బాపు అయితే "జమ్మికుంటలోనే కంప్యూటర్ నౌకరీ దొరికిందా!" అని ఎదురొచ్చిన వాళ్లందరికీ చెబుతున్నాడు.

ఫోన్‌లో నువ్వు అడిగింది ఒక్కటే. పత్తి కొనుగోలు కేంద్రాల నుంచి వచ్చే ఎక్సెల్ ఫైళ్లను స్నోఫ్లేక్‌లోకి, అదే క్లౌడ్‌లో డేటా దాచి లెక్కలు తీసే సర్వీసులోకి, ఎలా ఎక్కించాలి అని. ఆ కమాండ్ చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. కానీ పర్మిషన్ల సంగతి ఎత్తితే "అవి తర్వాత చూసుకుందాంలే, పత్తి సీజన్ మొదలవుతోంది" అన్నావు చూడు, అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది. డేటా ఎక్కించడం, దాన్ని ఎవరు చూడాలో తేల్చడం రెండు పనులు కావురా. ఒకటే పని. మొదటి ఫైలు క్లౌడ్‌లో పడే లోపే ఆ రెండోది తేలాలి. తర్వాత అనుకుంటే అప్పటికే దానికి నాలుగు కాపీలు తయారై ఉంటాయి.

మీ ఫైళ్లలో ఏముంటుందో ఒకసారి ఆలోచించు. రైతు పేరు, ఊరు, ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా, తక్‌పట్టీ (అమ్మకం రసీదు) నంబరు, ఎన్ని క్వింటాళ్లు, తేమ ఎంత, ధర ఎంత. నర్సంపేట దగ్గర మా పెద్దబాపు మిర్చి వేస్తాడని నీకు తెలుసు కదా. ఎనుమాముల యార్డులో అమ్మి ఇంటికి వచ్చాక, డబ్బు ఖాతాలో పడిందా లేదా అని ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు. ఆ సమయంలో ఎవడో ఫోన్ చేసి, "మీరు ఫలానా రోజు ఇన్ని బస్తాలు ఈ ధరకు అమ్మారు కదా, డబ్బు ఆగింది, ఓటీపీ చెప్పండి" అంటే చెప్పేయడా? బస్తాల లెక్క సరిగ్గా చెప్పినవాణ్ని ఎవరైనా నమ్ముతారు. ఒక్క టేబుల్ బయటికి పోతే అలాంటి ఫోన్లు ఎన్ని ఊళ్లకు వెళ్తాయో! చట్టం కూడా ఊరుకోదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, తగిన భద్రత పెట్టకుండా డేటా పోగొట్టుకుంటే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. నాకు మాత్రం జరిమానా కంటే పెద్దబాపు మొహమే ముందు గుర్తొస్తుంది.

అందుకే అన్నిటికన్నా ముందు, అవసరం లేనిది ఎక్కించకు. మీ లెక్కలకు ఆధార్ నంబరు అక్కర్లేదు, ఆ కాలమ్‌ను కేంద్రంలోనే తీసేయమను. ఒకసారి ఎక్కాక డిలీట్ కొట్టినా వెంటనే పోదు. మామూలు టేబుల్‌లో తీసేసిన డేటాను టైమ్ ట్రావెల్‌తో వెనక్కి తేవచ్చు. స్టాండర్డ్ ఎడిషన్‌లో అది 1 రోజు, ఎంటర్‌ప్రైజ్‌లో పెట్టుకున్నదాన్ని బట్టి 90 రోజుల దాకా. దాని తర్వాత ఇంకో 7 రోజులు ఫెయిల్‌సేఫ్‌లో, అంటే స్నోఫ్లేక్ వాళ్లు మాత్రమే తిరిగి తేగల చోట, ఉంటుంది. పొరపాటున టేబుల్ పోయినప్పుడు ఇదే మనల్ని కాపాడుతుంది కానీ, ఉండకూడని డేటా ఎక్కినప్పుడు ఇదే తలనొప్పి.

ఇక స్టేజ్ సంగతి. ఫైలు నేరుగా టేబుల్‌లోకి పోదు. ముందు స్టేజ్ అనే చోట పడుతుంది, అక్కడి నుంచి కాపీ ఇన్‌టు కమాండ్‌తో టేబుల్‌లోకి వెళ్తుంది. స్టేజ్ స్నోఫ్లేక్ లోపలే ఉండొచ్చు, లేదా మీ అమెజాన్ ఎస్3 బకెట్‌నే (అమెజాన్ క్లౌడ్‌లో ఫైళ్లు దాచుకునే చోటు) స్టేజ్‌గా చూపించొచ్చు. ఎక్కువమంది పట్టించుకోనిది ఇక్కడే ఉంది. టేబుల్‌లో ఖాతా నంబరుకు ఎంత గట్టి మాస్కింగ్ పెట్టినా, అంటే అంకెలు కనిపించకుండా ఎంత కప్పినా, ఆ ఫైలు స్టేజ్‌లో అలాగే పడి ఉంటుంది, అన్ని అంకెలూ కనిపిస్తూ. మాస్కింగ్ టేబుల్ కాలమ్‌కే గానీ ఫైలుకు వర్తించదు. స్టేజ్‌ను చదవగలిగినవాడు అన్నీ చదవగలడు. కాబట్టి ఎక్కడం పూర్తయ్యాక ఫైలు పోయేలా కాపీలోనే పర్జ్ పెట్టు. రికార్డు కోసం ఫైలు ఉంచాలంటే వేరే బకెట్‌లోకి మార్చి, దాని తాళం ఒకరిద్దరికే ఇవ్వు. పర్జ్ ఎప్పుడైనా విఫలమైనా కాపీ ఎర్రర్ చూపించదు, అందుకని స్టేజ్‌లో ఏమేం మిగిలాయో అప్పుడప్పుడు లిస్ట్ కొట్టి చూసుకో.

ఎస్3 వాడితే, దాన్ని తెరిచే యాక్సెస్ కీని స్క్రిప్టులో రాసి పెట్టొద్దు. ఆ స్క్రిప్టు రేపు వాట్సాప్‌లో ఎవరికో పోతుంది. స్టోరేజ్ ఇంటిగ్రేషన్ అని ఉంది. దానిలో స్నోఫ్లేక్‌కూ అమెజాన్‌కూ మధ్య ఒక ఐఏఎమ్ రోల్ (అమెజాన్‌లో ఎవరికి ఏ అనుమతో చెప్పేది) ద్వారా నమ్మకం కుదురుతుంది, కీ ఎక్కడా కనిపించదు. పెట్టడానికి ఒక పూట పడుతుంది, అంతే.

ఎక్కించే పనికి ఒక ప్రత్యేక యూజర్‌ను పెట్టు, నీ సొంత లాగిన్‌తో నడపకు. యార్డులో హమాలీ బస్తా మోసుకొచ్చి కాంటా మీద పెడతాడు, ధర రాయడు, డబ్బు ముట్టుకోడు. ఆ యూజర్‌కు ఇచ్చే లోడర్ రోల్ కూడా అంతే ఉండాలి (రోల్ అంటే ఒక పనికి కావలసిన అనుమతుల మూట). స్టేజ్ చదవడం, ముడి డేటా పడే ఒక్క టేబుల్‌లో ఇన్‌సర్ట్ చేయడం, దాంతో సరి. ఆ యూజర్ రకాన్ని సర్వీస్ అని పెడితే అసలు పాస్‌వర్డ్‌తో లాగిన్ కాలేదు. కీ పెయిర్ (జతగా పనిచేసే రెండు డిజిటల్ తాళంచెవులు) లాంటి వాటితోనే లోపలికి వస్తుంది. పాస్‌వర్డ్ లేకపోతే దొంగిలించడానికి పాస్‌వర్డే ఉండదు కదా.

పాస్‌వర్డ్ గురించి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2024లో ఏం జరిగిందో గుర్తు చేసుకో. స్నోఫ్లేక్ వాడే సంస్థల ఖాతాల్లోకి దొంగలు వరుసగా దూరారు. దర్యాప్తు చేసిన మాండియంట్ అనే సైబర్ భద్రతా సంస్థ ఆ జూన్‌లో నివేదిక ఇచ్చింది. దాదాపు 165 సంస్థలకు ప్రమాదం ఉండొచ్చని హెచ్చరించారు. స్నోఫ్లేక్ సొంత వ్యవస్థను ఎవరూ పగలగొట్టలేదు. వినియోగదారుల పాస్‌వర్డ్‌లే వైరస్‌ల ద్వారా ముందే దొంగల చేతికి చిక్కాయి. కొన్నయితే 2020లో పోయినవి, అన్నేళ్లయినా ఎవరూ మార్చలేదు! ఆ ఖాతాలకు రెండో తాళం, అదే ఎమ్‌ఎఫ్‌ఏ, లేదు. ఫలానా ఐపీ అడ్రస్‌ల నుంచే రావాలనే నియమం లేదు. కొన్ని చోట్ల ఆ వైరస్ కాంట్రాక్టు ఉద్యోగుల కంప్యూటర్లలో దొరికింది. అదే మెషీన్‌లో ఆఫీసు పనీ, గేములూ, దొంగ సాఫ్ట్‌వేర్లూ. మీ ఆఫీసులో సీజన్‌కు వచ్చే కుర్రాళ్ల ల్యాప్‌టాప్‌లు ఎలా ఉంటాయో నువ్వే చూసుకో. డేటా అంతా ఏఈఎస్ 256 అనే గట్టి పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ అయ్యే (చదవలేని రూపంలోకి మారే) ఉంటుంది, నిజమే. కానీ సరైన పాస్‌వర్డ్‌తో వచ్చినవాడికి స్నోఫ్లేక్ దాన్ని తనే విప్పి చూపిస్తుంది. అందుకని మనుషులందరికీ ఎమ్‌ఎఫ్‌ఏ, దాంతోపాటు ఆఫీసు ఐపీలతో ఒక నెట్‌వర్క్ పాలసీ. ఈ రెండూ మొదటి రోజే పెట్టు.

రోల్స్ మాటకొస్తే, పర్మిషన్లు మనిషిని చూసి ఇవ్వకు, పనిని చూసి రోల్‌కు ఇవ్వు. ఆ రోల్‌ను మనిషికి ఇవ్వు. మనిషి మారితే రోల్ వెనక్కి తీసుకుంటే చాలు. ఒక ఇబ్బంది మాత్రం నీకు తప్పకుండా వస్తుంది. టేబుల్ మీద సెలెక్ట్ (చదివే అనుమతి) ఇస్తావు, అయినా అవతలి వాళ్లకు "టేబుల్ లేదు లేదా అనుమతి లేదు" అని వస్తుంది. డేటాబేస్ మీదా, దానిలో టేబుళ్లుండే స్కీమా మీదా యూసేజ్ (లోపలికి వచ్చే అనుమతి) ఇవ్వడం మరచి ఉంటావు. మేనేజర్ సారు పక్కన నిలబడి తొందర పెడుతుంటే విసుగుపుట్టి అన్నిటికన్నా పై రోల్ అయిన అకౌంట్‌అడ్మిన్ ఇచ్చేయాలనిపిస్తుంది. పైలం రా! ఆ రోల్ ఇద్దరికి మించి ఉండొద్దు, ఎవరికీ డిఫాల్ట్ రోల్‌గా ఉండొద్దు, దానితో టేబుళ్లు కూడా తయారు చేయొద్దు. ప్రతి సీజన్‌కు కొత్త టేబుల్ వస్తుంది కాబట్టి ఫ్యూచర్ గ్రాంట్స్, అంటే ఇక ముందు పుట్టే టేబుళ్లకు ఇప్పుడే ఇచ్చే అనుమతులు, నీకు పనికొస్తాయి. వాటిని డేటాబేస్ స్థాయిలోనూ స్కీమా స్థాయిలోనూ రెండు చోట్లా పెడితే స్కీమాదే చెల్లుతుంది, డేటాబేస్‌ది పక్కకు పోతుంది. ఏదో ఒక చోటే పెట్టుకో.

ఖాతా నంబరు అకౌంట్స్ వాళ్లకు పూర్తిగా, మిగతావాళ్లకు చివరి నాలుగు అంకెలే కనిపించాలంటే మాస్కింగ్ పాలసీ. జమ్మికుంట క్లర్కుకు జమ్మికుంట రైతులే కనిపించాలంటే రో యాక్సెస్ పాలసీ. రెండూ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ నుంచే ఉంటాయి. మీది స్టాండర్డ్ అయితే సెక్యూర్ వ్యూలతో (టేబుల్‌లో కావలసినంత మేరకే చూపించే కిటికీల్లాంటివి) అదే పని చేసుకోవచ్చు, కాస్త ఎక్కువ రాయాలి. మాస్కింగ్ పెట్టాక కూడా డేటా జారిపోయే దారి ఒకటుంది. పూర్తి అంకెలు చూడగల రోల్‌లో ఉన్న మనిషి, ఆ టేబుల్ నుంచి సెలెక్ట్ చేసి కొత్త టేబుల్ తయారు చేశాడనుకో. కొత్త దానిలోకి అసలు నంబర్లే పోతాయి, పాలసీ మాత్రం వెంట రాదు. ఇక దాన్ని చదవగలిగిన ఎవరికైనా అన్నీ బహిరంగమే. "నెలాఖరు రిపోర్టు కోసం ఒక చిన్న కాపీ" అంటూ ఇలాంటివే పుట్టుకొస్తాయి. అందుకే పూర్తి నంబర్లు చూసే రోల్‌కు టేబుల్ సృష్టించే అనుమతి ఇవ్వకు. కాపీ కమాండ్ రెండు వైపులా పనిచేస్తుందనీ గుర్తుంచుకో. చదవగలిగినవాడు డేటాను బయటి బకెట్‌కు దించుకోగలడు కూడా. నేరుగా ఒక అడ్రస్ రాసి దించడాన్ని ఆపే సెట్టింగ్ అకౌంట్ స్థాయిలో ఉంది, అది ఆన్ చేయి.

నువ్వు అడిగిన ఎక్కించడం గురించి ఇప్పుడు. ఎక్సెల్‌ను నేరుగా కాపీ చేయలేవు, సీఎస్‌వీగా మార్చాలి. అక్కడే ఖాతా నంబర్లు పాడవుతాయి. ఎక్సెల్ 15 అంకెల వరకే సరిగ్గా ఉంచుతుంది, ఆ తర్వాత సున్నాలు చేసేస్తుంది, ముందున్న సున్నాలనూ తీసేస్తుంది. ఆ కాలమ్‌ను కేంద్రంలోనే టెక్స్ట్‌గా పెట్టమని చెప్పు, టేబుల్‌లోనూ టెక్స్ట్‌గానే తీసుకో. ఊళ్ల పేర్లు తెలుగులో వస్తాయి కాబట్టి యూటీఎఫ్ 8లో సేవ్ చేయమను. నిజంగా ఎక్కించే ముందు వాలిడేషన్ మోడ్‌లో ఒకసారి నడిపితే, టేబుల్‌ను ముట్టుకోకుండానే తప్పులు చూపిస్తుంది. ఆన్ ఎర్రర్ దగ్గర కంటిన్యూ పెట్టకు. తప్పున్న వరుసలను వదిలేసి ముందుకు పోతుంది, వదిలేసింది ఏ రైతు వరుసో నీకు తెలిసేసరికి ఆయన ఆఫీసు గుమ్మంలో ఉంటాడు.

ఇంకోటి, ఒకసారి ఎక్కిన ఫైలును స్నోఫ్లేక్ 64 రోజులు గుర్తుపెట్టుకుంటుంది, మళ్లీ ఎక్కించదు. కానీ అదే ఫైలుకు పేరు మార్చి పంపితే కొత్తదనుకుని ఎక్కిస్తుంది. కేంద్రాల వాళ్లు "ఫైనల్", "కొత్త ఫైనల్" అని పంపుతూనే ఉంటారు. కాబట్టి ముడి టేబుల్ నుంచి అసలు టేబుల్‌కు తక్‌పట్టీ నంబరును పట్టుకుని మర్జ్ చేయి, అంటే ఆ నంబరు ముందే ఉంటే మళ్లీ చేర్చకుండా కలుపు. లేకపోతే ఒకే రైతు పత్తి రెండుసార్లు కొన్నట్టు లెక్క వస్తుంది. ఆ మర్జ్‌కు లోడర్ రోల్ వాడకు, దానికి వేరే రోల్ పెట్టు.

సీజన్ అయిపోగానే వెళ్లిపోయే కుర్రాళ్ల యూజర్లను అదే రోజు డిసేబుల్ చేయాలి, ఆ పని ఎవరిదో మేనేజర్ సారుతో ఇప్పుడే తేల్చుకో. లాగిన్ హిస్టరీ ఏడాది పాటు ఉంటుంది. వారానికి ఒకసారి చూస్తే వేళ కాని వేళ ఎవరొచ్చారో తెలుస్తుంది.

ఒక కాగితం మీద రోల్స్ పేర్లు, ఏ రోల్‌కు ఏ టేబుల్, బ్యాంకు ఖాతా కాలమ్ ఎవరెవరికి కనిపిస్తుందో రాసి ఫోటో తీసి పంపు. పాస్‌వర్డ్‌లు, కీలు మాత్రం నాకు కూడా పంపకు. ఆదివారం వీలైతే రైలెక్కి కాజీపేటలో దిగు, నేను స్టేషన్‌కు వస్తాను. ఇంట్లో కూర్చుని స్టేజ్ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ కలిసి పెడదాం. అప్పటిదాకా ఒక్క ఫైలు కూడా ఎక్కించకు.

అమ్మను అడిగానని చెప్పు.

నీ
మామ