ప్యాడ్ కౌంటర్ నిండి ఆగిపోయిన ప్రింటర్, బోర్డు పోయిందన్న సర్వీస్ సెంటర్: ఫిర్యాదు లేఖ

విశాఖపట్నం

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

విషయం: వారంటీ దాటిన ఇంక్ ట్యాంక్ ప్రింటర్ హఠాత్తుగా ఆగిపోవడం, మీ అధీకృత సర్వీస్ సెంటర్ అసలు కారణం చెప్పకుండా కొత్తది కొనమనడం గురించి.

అయ్యా,

నేను విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఇంటి దగ్గరే ఉండి చిన్న వ్యాపారులకు ఆదాయపు పన్ను, జీఎస్టీ రిటర్నులు తయారుచేసి ఇస్తుంటాను. ప్రింటింగు, స్కానింగు, జిరాక్సు మూడూ చేసే మీ సంస్థ ఇంక్ ట్యాంక్ ప్రింటర్ కొన్నేళ్లుగా నా పనికి ఆధారంగా ఉంది. దాని వారంటీ ఎప్పుడో ముగిసింది. అందువల్ల ఉచితంగా బాగుచేసి ఇమ్మని నేను అడగడం లేదు. ముందురోజు సాయంత్రం దాకా నిక్షేపంగా పనిచేసిన యంత్రం తెల్లవారేసరికి ఎందుకు ఆగిపోయిందో నిజం చెప్పమనీ, డబ్బు తీసుకునైనా సరే సరైన మరమ్మతు చేయమనీ మాత్రమే అడుగుతున్నాను.

ఆ రోజు పొద్దున స్విచ్ వేయగానే కాగితం లైటు, ఇంకు లైటు ఒకదాని తర్వాత ఒకటి ఆగకుండా వెలిగి ఆరడం మొదలైంది. ట్యాంకులు నాలుగింటిలోనూ ఇంకు కనీస గీతకు పైనే ఉంది. సముద్రం దగ్గర కావడంతో మా కాలనీలో గాలిలో తేమ ఎక్కువ. విప్పిన కాగితాల కట్ట మెత్తబడి రెండేసి షీట్లు లోపలికి పోవడం ఇక్కడ మామూలే కాబట్టి ముందు కాగితాలన్నీ తీసేసి, వెనక మూత తెరిచి, టార్చిలైటుతో దారంతా చూశాను. చిన్న ముక్క కూడా ఇరుక్కుని లేదు. కరెంటు వైరును వేరే ప్లగ్గులో పెట్టాను, యూఎస్‌బీ కేబుల్ మార్చాను, కంప్యూటర్లో ప్రింట్ పనులను వరుసలో పంపే ప్రింట్ స్పూలర్‌ను ఆపి మళ్లీ నడిపాను, పాత డ్రైవర్‌ను పూర్తిగా తొలగించి మీ వెబ్‌సైటులో ఉన్నదాన్ని ఎక్కించాను. ఆఖరుకు కంప్యూటర్‌తో సంబంధమే లేకుండా, ప్రింటర్ మీది బటన్ నొక్కి ఉంచి స్విచ్ వేసి ఇంకు సరిగా వస్తోందో చూపే నాజిల్ చెక్ పేజీ తీయబోయాను. అదీ రాలేదు. లోపం కంప్యూటర్లోనో డ్రైవర్లోనో లేదని అప్పుడే స్పష్టమైంది. ప్రింటర్ లోపల ఒక భాగం కాలపరిమితి ముగిసిందనీ, సర్వీస్ సెంటర్‌ను సంప్రదించమనీ కంప్యూటర్ తెరపై వచ్చిన సందేశం కూడా ఆ మాటే చెబుతోంది. ఏ భాగమో మాత్రం అందులో లేదు.

మీ అధీకృత సర్వీస్ సెంటర్‌కు ప్రింటర్‌ను మోసుకెళ్లాను. అక్కడి ఉద్యోగి మూత కూడా విప్పకుండా, మెరిసే లైట్లను ఒక్కసారి చూసి, మెయిన్ బోర్డు పోయిందనీ, దాన్ని మార్చే ఖర్చుకు ఇంచుమించు కొత్త ప్రింటరే వస్తుందనీ, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయమనీ చెప్పాడు. ఆ మాటే కాగితం మీద రాసి ఇమ్మంటే, వారంటీ లేని యంత్రాలకు రిపోర్టు ఇవ్వడం కుదరదన్నాడు.

ఆ సమాధానం నాకు నమ్మశక్యంగా లేక ద్వారకానగర్‌లోని ఒక రిపేరు షాపులో చూపించాను. అక్కడి మెకానిక్ నా ఎదురుగానే పక్క మూత స్క్రూ తీసి, వృథా ఇంకును పీల్చుకునే వేస్ట్ ఇంక్ ప్యాడ్ ఉన్న చిన్న డబ్బాను బయటికి లాగాడు. గొట్టం వచ్చి కలిసే మూల నల్లగా, జిగురుగా ఉబ్బి ఉంది. దానికి అవతలి సగం ఇంకా తెల్లగా, వేలితో నొక్కితే పొడిగానే తగిలింది. ఇంకు పొంగిన జాడ ఎక్కడా లేదు. ఆ డబ్బా ఫొటోలు ఈ లేఖకు జతచేస్తున్నాను.

ఇంకు చిమ్మే హెడ్‌ను ప్రింటర్ శుభ్రం చేసుకునే హెడ్ క్లీనింగ్ జరిగిన ప్రతిసారీ కొంత ఇంకు ఆ ప్యాడ్‌లోకి పోతుంది. అయితే ప్యాడ్ ఎంత తడిసిందో కొలిచే సాధనం నా ప్రింటర్‌లో లేదు. ఎన్నిసార్లు ఎంత ఇంకు వదిలిందో మెమరీ చిప్‌లోని కౌంటర్ కూడుకుంటూ పోతుంది. ఇంకులోని నీరు క్రమంగా ఆరిపోయినా ఆ లెక్క తగ్గదు. వేసవిలో మాకు కరెంటు ఊరికే పోయి వస్తుంటుంది. పని మధ్యలో అలా ఆగిపోయిన ప్రింటర్ మళ్లీ వెలిగినప్పుడు తనంతట తాను క్లీనింగ్ చేసుకుంటుంది కాబట్టి, ఒక్క పేజీ కూడా తీయకుండానే ఆ అంకె పెరుగుతుంది. అది పరిమితిని తాకగానే యంత్రం ఆగిపోతుంది. ప్యాడ్ నిండి ఇంకు బల్ల మీదికీ, లోపలి విద్యుత్ భాగాల మీదికీ కారకుండా ఈ ఏర్పాటు అవసరమేనని నేను ఒప్పుకుంటాను. కానీ ప్యాడ్ మార్చి కౌంటర్‌ను సున్నాకు తెచ్చే సాఫ్ట్‌వేర్ మీ సర్వీస్ వ్యవస్థ చేతిలో ఉండగా, ఆ చిన్న పని చేయకుండా బోర్డు పోయిందని చెప్పడం ఏ విధంగా న్యాయం? మార్కెట్లో కొన్ని కొత్త ప్రింటర్లకు ఇదే భాగాన్ని మెయింటెనెన్స్ బాక్స్ పేరుతో కొనుక్కున్నవారే మార్చుకునేలా అమర్చారు కాబట్టి, ఇది అసాధ్యమైన మరమ్మతు అనడానికీ లేదు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టిన విషయం మరొకటి ఉంది. స్కానింగుకు చుక్క ఇంకు అవసరం లేదు, ఆ ప్యాడ్‌తో దానికి ఏ సంబంధమూ లేదు. అయినా ప్రింటింగుతో పాటు స్కానర్ కూడా ఆగిపోయింది. రిటర్నుల గడువు దగ్గరపడిన వేళ ఖాతాదారుల బిల్లులు, బ్యాంకు కాగితాలు స్కాన్ చేయడానికి వీధి చివర జిరాక్సు షాపు ముందు నిలబడవలసి వచ్చింది. అవి వాళ్లు నన్ను నమ్మి అప్పగించిన లెక్కలు. వాటిని వేరొకరి కంప్యూటర్‌లోకి ఎక్కించడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేని పని.

వినియోగదారుల పరిరక్షణ చట్టం, 2019 ప్రకారం వినియోగదారుకు తెలియవలసిన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచిపెట్టడం సేవాలోపం కిందికి వస్తుంది. ఇది వ్యాపారానికి వాడిన యంత్రమని తోసిపుచ్చే వీలు కూడా లేదు. స్వయం ఉపాధితో జీవనోపాధి పొందడానికి మాత్రమే కొన్న వస్తువును వాణిజ్య ప్రయోజనంగా చూడకూడదని అదే చట్టం వివరిస్తోంది. మరమ్మతు హక్కు కోసం కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ప్రత్యేకంగా ఒక పోర్టల్ ప్రారంభించింది. ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2022 పరిధిలో ప్రింటర్లు కూడా ఉన్నాయి. వేలెడంత ప్యాడ్ కోసం బాగున్న యంత్రాన్ని పారేయమని మీ సిబ్బందే చెబుతుంటే ఆ నియమాలకు మీ సంస్థ ఇస్తున్న విలువ ఏమిటో ఆలోచించండి.

కాబట్టి, నా ప్రింటర్‌ను మీ సర్వీస్ సెంటర్‌లో మరోసారి పరీక్షించి, లోపం ఏ భాగంలో ఉందో రాతపూర్వకంగా ఇప్పించమని కోరుతున్నాను. లోపం ప్యాడ్ కౌంటర్‌దే అని తేలితే ప్యాడ్ మార్చి, కౌంటర్ రీసెట్ చేసి ఇవ్వాలి. ప్యాడ్ ధర, పనికి తీసుకునే కూలి రశీదులో వేర్వేరుగా చూపితే ఆ మొత్తం వెంటనే చెల్లిస్తాను. నిజంగానే బోర్డు పోయిందని తేలితే ఆ పరీక్ష వివరాలు నాకు ఇవ్వాలి, నా అనుమతి లేకుండా ఏ భాగమూ మార్చకూడదు. ఈ మోడల్ వాడేవారికి పరిమితి ఇంకా దూరంగా ఉండగానే తెరపై తేటతెల్లంగా హెచ్చరిక వచ్చేలా, ప్యాడ్ నిండినా స్కానర్ పనిచేసేలా సాఫ్ట్‌వేర్‌ను సవరించే విషయంలో మీ సాంకేతిక విభాగం అభిప్రాయం కూడా తెలియజేయాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా మీ సమాధానం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను. అక్కడా పరిష్కారం కాకపోతే విశాఖపట్నం జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌ను ఆశ్రయిస్తాను. కొనుగోలు రశీదు నకలు, తెరపై వచ్చిన సందేశం ఫొటో, ప్యాడ్ ఫొటోలు ఈ లేఖకు జతపరిచాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం